మా అమ్మ మీద కట్టిన నాటు పాట

కిందటి నెల మణుగూరులో ఖమ్మం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నానో లేదో, నా ముందు సీటులోని ఇద్దరు కుర్రాళ్లు ఫోనులో ఒక వీడియో పెట్టారు. చప్పుడు బస్సంతా వినపడేటట్టు పెట్టారు. అందులో తెల్ల చొక్కా వేసుకున్న ఒకడు పాస్టరు వేషం కట్టి, ఇంకొకడి నెత్తి మీద చెయ్యి పెట్టి గొంతు చించుకుంటున్నాడు. ఆ రెండోవాడు దబ్బున వెనక్కి పడి, లేచి, ఒళ్లంతా ఊపుకుంటూ స్తోత్రం స్తోత్రం అంటున్నాడు. మూడోవాడు నాలుగు కాళ్ల మీద నడుస్తూ గొర్రెలా అరుస్తున్నాడు. కుర్రాళ్లు నవ్వారు, వాళ్ల వెనక వాళ్లు నవ్వారు, టిక్కెట్లు కొడుతున్న కండక్టరు కూడా వంగి చూసి నవ్వి పోయాడు. నాకు అవతలి సీటులో ఒళ్లో బిడ్డను పెట్టుకుని ఒక చిన్నామె ఉంది. ఆమె నుదుటన బొట్టు లేదు. ఆ నవ్వుల మధ్య ఆమె ఎవరి వైపూ చూడకుండా, కొంగు తీసి నుదురు మీదికి లాక్కుంది.

వీడియో కంటే ఆ కొంగు లాక్కోవడమే నన్ను మండించింది. మోకాళ్ల నొప్పులున్నదాన్ని, కడ్డీ పట్టుకుని లేచి నిలబడి, కట్టెయ్యండి దాన్ని అని గట్టిగానే అన్నాను. ఒక కుర్రాడు వెనక్కి తిరిగి నవ్వుతూనే, "కామెడీ అమ్మమ్మా, గింత దానికి సీరియస్ అయితవేంది?" అన్నాడు. ఆ మాటకూ బస్సు నవ్వింది. వాడు చెడ్డవాడని నేను అనను, చెప్పగానే కట్టేశాడు కూడా. కానీ పాల్వంచ దాటిందాకా ఆ కామెడీ అన్న మాట నా చెవిలో రాయి పడ్డట్టు ఉండిపోయింది. ఎందుకంటే యాభై ఏళ్లుగా ఆ మాటను నేను వింటున్నాను. అప్పట్లో దాన్ని సరదా అనేవాళ్లు. నా ఈడు వాళ్లకు చెబితే తెలుస్తుంది. నవ్వినవాళ్లు బస్సు దిగే లోపే మరిచిపోతారు. ఎవరి మీద నవ్వారో వాళ్లు ఆ నవ్వును మోసుకుని ఇంటికి పోతారు, పిల్లలకు కూడా పంచుతారు.

మా ఊరు మణుగూరుకూ భద్రాచలానికీ మధ్య, రోడ్డు మీద నుంచి లోపలికి పోతే వస్తుంది. ఒక పక్క తునికి చెట్లు, టేకు చెట్ల అడవి, రెండో పక్క చెరువు కింద వరి పొలాలు. ఆ పొలాలు చాలావరకు మా నాన్న చిన్నతనంలో కోస్తా వైపు నుంచి వచ్చి కొనుక్కున్న ఆసాములవి. మాది ఊరి చివరి వాడ. నాన్న పెద్ద ఆసామి దగ్గర అరక దున్నేవాడు. అమ్మ నాట్ల ముఠాకు పెద్ద. ఆమెతో కలిపి పద్నాలుగు మంది ఆడవాళ్లు.

నాట్లు వేయడం కళ్లతో చూడని పిల్లలు ఇప్పుడు మన ఇళ్లల్లోనే ఉన్నారు కాబట్టి ఆ పని తీరు కొంచెం చెప్పాలి. బురదగా దున్ని దమ్ము చేసిన మడిలో ఆడవాళ్లు ఒక వరసలో నిలబడి, నడుము వంచి, ఎవరి ముందున్న జాగాలో వాళ్లు నాటుకుంటూ వెనక్కి జరుగుతారు. ఆ జాగానే మునుం అంటారు. పద్నాలుగు మందీ ఒక్క మనిషిలా వెనక్కి జరగాలి. ఒకరు వెనకబడితే వరస చెడుతుంది, పక్కవాళ్ల నారు తొక్కుతారు. అందుకే పాట. ఒకరు పాటలో ఒక పాదం ఎత్తుకుంటారు, మిగతావాళ్లు చివరి మాట అందుకుంటారు, ఆ అందుకునే మాట దగ్గరే పద్నాలుగు చేతులూ బురదలోకి దిగుతాయి. పాట ఆగితే చేతులు ఆగుతాయి. అంటే ఆ పాట ముచ్చట కోసం పాడేది కాదు, నాగలికి ఎద్దు ఎలాగో నాటుకు పాట అలాగ. మునుంలో పాదం ఎవరైనా ఎత్తుకోవచ్చు, నిన్న మొన్న వచ్చిన కోడలు పిల్లయినా సరే. ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాల్సిందే. అందుకోకుండా నోరు మూసుకుంటే ఆ మనిషి మీకు లేనట్టే లెక్క. మా వాడలో దానికంటే పెద్ద అవమానం లేదు.

అమ్మకు మంచి చెయ్యి అని పేరుండేది. ఏ ఆసామి మడిలోనైనా ఈశాన్య మూల మొదటి నారు ఆమే పెట్టాలి. ఆసామి భార్య పళ్లెంలో పసుపు కుంకుమలు పట్టుకుని గట్టు మీదికి వచ్చి, అమ్మ నుదుట బొట్టు పెట్టి, మొదటి కట్ట చేతికిచ్చేది. నేను చిన్నప్పుడు ఆ దృశ్యం చూసి మా అమ్మ ఏదో రాణి అనుకునేదాన్ని.

నాకు పన్నెండేళ్లప్పుడు మా తమ్ముడు జ్వరంతో పోయాడు. వాడికి నాలుగేళ్లు. భద్రాచలం దవాఖానాకు బండి కట్టుకుని పోతుండగా దారిలోనే పోయాడు. ఆ తరవాత అమ్మ లేవలేదు. అన్నం వండలేదు, తల దువ్వుకోలేదు. వచ్చినవాళ్లు ఏడ్చి, ఏదో ఒక కారణం చెప్పి పోయేవాళ్లు. ఫలానా మొక్కు తీర్చలేదనీ, ఫలానా దిక్కు నుంచి గాలి తగిలిందనీ, తల్లి జాతకమనీ. వాళ్లందరి తరవాత, మూడు మైళ్ల అవతలి ఊరి నుంచి వాక్యం చెప్పే ఒక అవ్వ వచ్చింది. తెల్ల చీర, చేతిలో నల్ల అట్ట పుస్తకం. ఆ పుస్తకం తెరిచి చదువుతుందనుకున్నాను. తెరవలేదు. చీపురు తీసుకుని ఇల్లు ఊడ్చింది, కుండలు తోమింది, గంజి కాచి అమ్మ నోటికి అందించింది, సాయంత్రం దాకా పక్కన కూర్చుని వెళ్లిపోయింది. అలా ఎన్ని రోజులు వచ్చిందో నాకు లెక్క తెలియదు. కారణం చెప్పనిది ఆమె ఒక్కతే అని అమ్మ తరవాత అనేది. ఒకరోజు అమ్మే అడిగింది, ఆ పుస్తకంలో ఏముందని.

ఇది ఇంత విడమరిచి ఎందుకు రాస్తున్నానంటే, పాలపొడి డబ్బా కోసం మతం మారింది అన్న మాట మా అమ్మ మీద పడింది కాబట్టి. ఈ మాట అన్నవాళ్లు, ఇప్పటికీ బియ్యానికీ నూనెకూ మారిపోయారని ఇంకొకరి గురించి అంటున్నవాళ్లు, ఒక్కసారి ఆలోచించాలి. కడుపు కోసం మనిషి దేవుణ్ణి అమ్ముకుంటాడని ఇంత సులువుగా అనగలుగుతున్నారంటే, వాళ్ల లెక్కలో పేదవాడికి కడుపు తప్ప ఇంకేమీ లేదన్నమాట. మనసు లేదు, దుఃఖం లేదు, ఒక మంచి మాటను గుర్తుపట్టే తెలివి లేదు. మా ఇంటికి పాలపొడి డబ్బా రాలేదు. వచ్చి ఉంటే మా తమ్ముడు ఉన్నప్పుడే రావలసింది.

మరుసటి వేసవిలో అమ్మ వాగులో బాప్తిస్మం తీసుకుంది. నాన్న తీసుకోలేదు, వద్దనీ అనలేదు. ఆయన తీరే అంత, గట్టిగా ఔననడం గానీ కాదనడం గానీ రాదు. అమ్మ బొట్టు తీసేసింది. తీయమని అవ్వ చెప్పలేదు, నాకు గుర్తుంది. అమ్మే తీసింది. తొలకరి పడింది, నార్లు ఎదిగాయి, పెద్ద ఆసామి మడిలో మొదటి నాటు రోజు వచ్చింది.

ఆసామి భార్య పళ్లెం పట్టుకుని వచ్చి అమ్మ ముఖం చూసి ఆగిపోయింది. "ఏమిటే ఇది, శుభమా అని నాటేస్తుంటే బోడి నుదురుతో వచ్చావు? ఆ చేత్తో మొదటి కట్ట పట్టుకుంటావా?" అంది. అమ్మ తల వంచుకోలేదు. "చెయ్యి గదే గదమ్మా, ఏడేండ్ల సంది మీ మడిల పెట్టిన చెయ్యే" అంది. ఆమె పళ్లెం పక్కకు తిప్పుకుని మా మేనత్తను పిలిచింది. మేనత్త అంటే నాన్నకు సొంత అక్క, ముఠాలో అమ్మ తరవాతి మనిషి. అత్త ముందుకు పోయి బొట్టు పెట్టించుకుంది, మొదటి కట్ట అందుకుంది, ఆ పూటే ముఠాకు పెద్దయింది. అమ్మ మునుం చివరికి పోయి నిలబడింది.

మా అత్త గొంతు గొప్పది, అది కూడా చెప్పాలి. అప్పటికప్పుడు పాట కట్టగలదు. ఆ మధ్యాహ్నమే కట్టింది.

బొట్టేడ బాయెనే ఓ యేసమ్మా
బోసి ముఖమాయెనే ఓ యేసమ్మా
పాలపొడి డబ్బకు ఓ యేసమ్మా
పసుపమ్ముకుంటివా ఓ యేసమ్మా
మొగుడేమొ బతికుండె ఓ యేసమ్మా
ముండోలె తిరిగేవు ఓ యేసమ్మా

మునుం మొత్తం నవ్వింది, నవ్వుతూనే అందుకుంది. పాట చాలా బాగా కుదిరింది, అందరూ జల్దీ జల్దీ నాటారు. ఇక్కడ చదివేవాళ్లు ఒక్క సంగతి గమనించాలి. అమ్మ కూడా అదే వరసలో ఉంది. ఆమె చేతులు కూడా ఆ పాట మీదే కదలాలి. తనను తిట్టే పాట ఊపుకే, ఆ యేసమ్మా అన్న మాట దగ్గరే, తన చెయ్యి బురదలోకి దించి తన నారు నాటాలి. అలా ఆ రోజు నాటింది, మరుసటి రోజు నాటింది, ఆసామి మళ్లన్నీ అయ్యేదాకా నాటింది. తప్పు నాటు ఒక్కటి వేయలేదు, ఒక్క అడుగు వెనకబడలేదు. వాడలో పిల్లలు కూడా ఆ పాట పట్టుకున్నారు. నేను బడికి పోతుంటే వెనక నుంచి పాడేవాళ్లు, అమ్మ పేరు పోయి యేసమ్మే మిగిలింది.

అత్త ఒకసారి మా ఇంటి ముందు నిలబడి నయానా చెప్పింది. "గింత కుంకుమ పెట్టుకోరాదే మరదలా, నీదేం బోతది? ఇంట్ల నీ యేసుకు మొక్కుకో, ఎవలొద్దన్నరు? రేపే మళ్ల ముఠా నీ చేతిల పెడత." అమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే, "పెట్టుకుంటె మీ అందరికి మంచిగుంటది వదినా, నాకే అబద్ధమైతది" అంది. అంతే. చదువు లేని మనిషి ఆ మాట ఎక్కడి నుంచి తెచ్చుకుందో నేను ఎన్ని పుస్తకాలు తిరగేసినా తెలుసుకోలేకపోయాను.

ఇప్పుడు నా సంగతి. బడి లేని రోజుల్లో నేనూ మునుంలో దిగేదాన్ని, అత్త పక్కన. మొదటి రోజు నేను అందుకోలేదు. అత్త మోచేత్తో పొడిచి, "ఏమే కోడలా, నోట్ల నీళ్లు వోసుకున్నవా? అంత అమ్మ బిడ్డవైతె పోయి ఆడ చివర నిలవడు" అంది. అందరూ నా వైపు చూశారు. నేను అందుకున్నాను. పాట పాడకపోతే చేతులు కదలవు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పదమూడేళ్ల పిల్లను, నలుగురిలో కలిసి ఉండాలన్న ఆశ తప్ప నాకేమీ తెలియదు, అని కూడా ఆ తరవాత చాలాసార్లు చెప్పుకున్నాను. ఏం చెప్పుకున్నా నా గొంతు మా అమ్మ చెవిలో పడే ఉంటుంది.

ఆఖరి రోజు, పెద్ద మడి. సన్నగా జల్లు పడుతోంది. ఆసామి ఇంటికి చుట్టాలెవరో వచ్చినట్టున్నారు, ఆసామి భార్య ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని గొడుగులతో గట్టు మీదికి వచ్చింది. వచ్చి, "ఏదే, ఆ యేసమ్మ పాట ఒకసారి పాడండి, మావాళ్లు వింటారట" అంది. సర్కస్ చూపించినట్టు. అత్త ఎత్తుకుంది. గట్టు మీద వాళ్లు నవ్వుతుంటే అత్తకు ఇంకా ఊపొచ్చింది, కొత్త పాదం కట్టింది.

పోయిన పిలగాన్ని ఓ యేసమ్మా
లేపమను నీ దేవున్ని ఓ యేసమ్మా

పోయినవాడు అత్తకు మేనల్లుడు. ఆమె ఒళ్లో ఆడుకున్నవాడు. ఆ పాదం విని మునుంలో ఒకరిద్దరు తడబడ్డారు, అందుకున్న గొంతులు తగ్గాయి, కానీ అందుకున్నారు. నేనూ అందుకున్నాను. నా తమ్ముడి మీద కట్టిన పాదానికి నేను నోరు కలిపాను. ఇది నేను ఇంతవరకూ ఎక్కడా రాయలేదు, మా చర్చి సంఘంలో కూడా చెప్పలేదు.

అమ్మ నడుము ఎత్తింది. మునుం మధ్యలో నడుము ఎత్తడం ముఠాలో ఎవరూ చేయరు. చీర కుచ్చెళ్ల నిండా బురదతో, వానలో, ఆ బోసి నుదురుతో ఆమె నిటారుగా నిలబడి గట్టు మీదున్న వాళ్లను చూసింది, మమ్మల్ని చూసింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె మళ్లీ నడుము వంచి, అదే వరస మీద, తన పాదం ఎత్తుకుంది.

బురదల నేనుంటె ఓ నా తండ్రి

ఒక్కరూ అందుకోలేదు. అమ్మ ఆగలేదు. ఎవరూ అందుకోని చివరి మాట తనే అందుకుంది, అక్కడ తన చెయ్యి తనే బురదలోకి దించింది, తరవాతి పాదం ఎత్తుకుంది, మళ్లీ అందుకుంది. మా చేతులు ఆగిపోయాయి. అత్తకు కూడా ఆ పాట మీద ఇంకో పాట ఎత్తుకోవడం చేతకాలేదు. మేమంతా వంగిన నడుములతో అలాగే నిలబడిపోతే, ఆమె ఒక్కతే పాడుకుంటూ, నాటుకుంటూ వెనక్కి జరిగిపోయింది. నాన్న ఆ రోజు నారు కట్టలు అందిస్తున్నాడు. మా అందరికీ గట్టు మీద నుంచి విసిరేవాడు. అప్పుడు మాత్రం మడిలోకి దిగి, అమ్మ పక్కన నడుస్తూ, ఒక్కో కట్టా ఆమె చేతికి అందించాడు. నా ఎరుకలో ఆయన తన జీవితంలో గట్టిగా ఔనన్నది ఆ ఒక్కసారే, అది కూడా నోరు తెరవకుండా. ఎర్రటి బురద మడి మధ్యలో ఒక్క అమ్మ మునుమే పచ్చగా, తిన్నగా, అవతలి గట్టు దాకా పోయింది.

అక్కడ కాలువలో చేతులు కడుక్కుని, గొడుగుల ముందు నుంచే నడిచి వచ్చి, ఆసామి భార్యతో, "నా మునుం అయిపోయిందమ్మా" అని చెప్పి ఇంటికి పోయింది.

ఇది కథయితే మునుంలో అందరి మనసూ మారాలి. నేను తరవాత గ్రంథాలయంలో చదివిన పుస్తకాల్లో చాలాసార్లు మనసులు అలాగే మారాయి. మా ఊళ్లో మారలేదు. మరునాడు పొద్దున ముఠా మా ఇంటి ముందు నుంచే పోయింది, అమ్మను పిలవలేదు. ఇక ఎప్పుడూ పిలవలేదు. అత్త నాన్నతో, "మా పాట చెడగొట్టింది, ఇగ మా మునుంల వద్దు" అని చెప్పిందట. ఒక ముఠా వద్దంటే చుట్టుపక్కల ఏ ముఠా తీసుకోదు. ఆ చలికాలం మేము బోనకల్ వైపు మిరప తోటల్లో ఏరడానికి పోయాం. తోట గట్టున గుడిసెలో ఉన్నాం, ఘాటుకు కళ్లు వాచిపోయేవి. నా చదువు ఏడో తరగతి మధ్యలో అక్కడే ఆగిపోయింది. మునుంలో అమ్మకు ఒక్క గొంతు తోడైనా పరిస్థితి ఇలా ఉండేది కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ ఒక్క గొంతు ఎవరిదై ఉండాలో ఎవరూ నాకు చెప్పనక్కర లేదు.

పెళ్లయ్యాక మా ఆయన గని ఉద్యోగం వల్ల మణుగూరు దగ్గర కాలనీకి వచ్చాను. అక్కడి శాఖా గ్రంథాలయం నాకు బడి అయింది. ఏడో తరగతి కూడా దాటనిదాన్ని, మొదటి బీరువా మొదటి అర నుంచి మొదలుపెట్టి వరసగా చదివాను. చరిత్రలు, ప్రయాణాలు, జీవిత చరిత్రలు, అర్థమైనవీ కానివీ. ఈ దేశంలో మా మతం వయసెంతో, ఎంతమంది ఎన్ని చోట్ల రాళ్ల దెబ్బలు తిన్నారో, ఎంతమంది నవ్వులు భరించారో అక్కడే తెలుసుకున్నాను. ఆ ధైర్యంతోనే నేనూ బాప్తిస్మం తీసుకున్నాను. నా బొట్టు లేని నుదురు చూసి కాలనీలో కూడా అన్నవాళ్లు అన్నారు. నేను ఎవరి దేవుణ్నీ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, అనను. బొట్టు పెట్టుకున్న నా స్నేహితురాళ్ల చేత్తో పెట్టిన అన్నం తిన్నాను, వాళ్ల పిల్లలకు చదువు చెప్పాను. కానీ నా దేవుణ్ణి అంటే ఊరుకునే అలవాటు మాత్రం గ్రంథాలయంలో పోగొట్టుకున్నాను.

అక్కడే ఒకరోజు, జానపద గేయాల అరలో, ఒక సన్నని పుస్తకం దొరికింది. ఎవరో పెద్ద చదువుల వాళ్లు అడవి అంచు ఊళ్లు తిరిగి, ముసలివాళ్ల చేత పాడించుకుని అచ్చు వేశారు. మన పాటలు పోకుండా దాచారు కదా అని ఎంతో ముచ్చటపడి పుటలు తిప్పుతున్నాను. నాటు పాటల దగ్గర ఆగిపోయాను. బొట్టేడ బాయెనే ఓ యేసమ్మా. ఒక్క అక్షరం పోకుండా ఉంది. పిలగాడి పాదం కూడా ఉంది. పాట కింద చిన్న అక్షరాల్లో వివరణ, ఇది శ్రమజీవులైన స్త్రీలు పనిలో అలుపు తెలియకుండా ఒకరినొకరు ఆటపట్టించుకునే సరదా పాట అనీ, వారి హాస్య చతురతకు మచ్చుతునక అనీ.

పుస్తకం తీసుకుపోయి గ్రంథాలయాధికారికి చూపించాను. ఆయన మంచివాడు, నాకు ఎన్నో పుస్తకాలు వెతికి ఇచ్చినవాడు. "ఇది ప్రజల పాట కదమ్మా, దీనికి ఒక మనిషంటూ ఉండరు, మీరు మనసుకు తీసుకోకండి" అన్నాడు. ఉండరా? పాట కట్టినామె ఉంది, పాడించుకుని నవ్వినామె ఉంది, పాట పడ్డామె ఉంది, చచ్చిపోయిన పిల్లవాడు ఉన్నాడు. అందరూ మనుషులే. ప్రజలు అన్న ఒక్క మాట కప్పేసి ఒక తల్లి గుండె కోతను సరదా అని అచ్చు వేయడానికి ఎంత చదువు చదివి ఉండాలి! నేను గ్రంథాలయం పుస్తకంలో పుట మడిచినదాన్ని కాదు, గీత గీసినదాన్ని కాదు. ఆ రోజు పెన్సిలు తీసి పాట పక్కన ఖాళీలో రాశాను, ఈ యేసమ్మ మా అమ్మ, ఈ పిలగాడు మా తమ్ముడు అని.

రాసి, దాని కింద అమ్మ పాట కూడా రాద్దామనుకున్నాను. ఈ పాటకు ఎదురుగా ఆ పాట కూడా ఉంటే చదివేవాళ్లే తేల్చుకుంటారని. మొదటి పాదం రాశాను. అక్కడ పెన్సిలు ఆగిపోయింది.

అప్పటికి అమ్మ ఉంది. పోయి అడిగితే చెప్పేదేమో. అడగలేకపోయాను. ఆ పాట ఎత్తితే ఆ రోజు ఎత్తాలి, ఆ రోజు ఎత్తితే నేను నోరు కలిపిన పాదమూ, నేను నోరు మూసుకున్న పాదమూ రెండూ ఎత్తాలి. అమ్మ నన్ను దాని గురించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అత్తనూ అనలేదు. అత్త కాళ్లూ చేతులూ పడిపోయి మంచం పట్టినప్పుడు అమ్మ రోజూ గంజి కాచి తీసుకుపోయింది. నేను ఆ గడప తొక్కలేదు. క్షమించమని పుస్తకంలో ఉంది, అమ్మ క్షమించింది, నేను క్షమించలేదు. ఇది గొప్పగా చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

ఇప్పుడు అత్త లేదు, అమ్మా లేదు. పెద్ద మడి జామాయిల్ తోట అయిపోయింది. వరి మిగిలిన చోట యంత్రంతో నాటుతున్నారు, లేదంటే ఎక్కడివాళ్లో వ్యాన్లలో వచ్చి, గట్టు మీద ఫోను పాడుతుంటే నాటి పోతున్నారు. పాదం ఎత్తుకునేవాళ్లు లేరు, అందుకునేవాళ్లు లేరు. మా వాడలో చిన్న ప్రార్థన మందిరం వెలిసింది. బొట్టు లేని పిల్లలు ఉపాధి పనికి పోతే వద్దనేవాళ్లు లేరు. అది సంతోషమే. అయినా ఆ వైపు పోయినప్పుడల్లా నేను జామాయిల్ తోట పక్కన ఆగుతాను. అత్త పాట నాకు ఇప్పటికీ మొదటి నుంచి చివరి దాకా వస్తుంది, ఎందుకంటే అది నేను పాడాను. అమ్మ పాట అడవి వైపు తిరిగి పాడదామని చూస్తాను.

బురదల నేనుంటె ఓ నా తండ్రి.

బురదలో తానుంటే ఆ తండ్రి ఏం చేశాడో అమ్మ రెండో పాదంలో చెప్పింది. ఆమె చెబుతున్నప్పుడు నేను, అందుకోవచ్చా అని, మా అత్త ముఖంలోకి చూస్తున్నాను. వినలేదు.